లామినేషన్ చేయించిన నా మంచితనం

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. (ఇప్పుడెక్కడుందో మా ఆయన్ని మాత్రం అడగకండి.) జగిత్యాల నుంచి ఫ్రైబర్గ్‌కి గనుల చదువు కోసం వచ్చిన కొత్తలో, నేను మంచిదాన్నని నిరూపించుకోవడానికి నేనే ఫీజు కట్టాను, అదీ రెండుసార్లు. ఈ కథ చెప్తే విన్నవాళ్లంతా పడీపడీ నవ్వుతారు. నాకైతే ఇప్పటికీ ముందు ఒళ్లు మండుతుంది, నవ్వు ఆ తర్వాతే వస్తుంది.

మా హాస్టల్ వెనక ఒక కిటా ఉండేది, అంటే బడి ఈడు రాని పిల్లల్ని చూసుకునే చోటు. అక్కడ మధ్యాహ్నాలు సాయానికి మనిషి కావాలంటే వెళ్లాను. పిల్లలు నా జడ పట్టుకుని వదల్లేదు, హెడ్ మేడమ్ అక్కడికక్కడే ఒప్పేసుకుంది. ఆ జీతం వస్తేనే నా మీటె, అదే గది అద్దె, గట్టెక్కుతుంది. ఒకటో తారీఖున చేరాలి, కానీ అంతకు ముందే ఒక కాగితం కావాలంది: నా మీద ఏ కేసులూ లేవని, ముఖ్యంగా పిల్లల జోలికి పోయిన మనిషిని కానని సర్కారు రాసిచ్చేది. దానికి పదమూడు యూరోలు. అప్పట్లో అది నాకు వారం రోజుల కూరగాయలు. పట్టణ ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకబుచ్చుకుని, కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చీరాని జర్మన్‌లో అడిగేశాను. నేను ఏ తప్పూ చేయలేదని చెప్పడానికి నేనెందుకు కట్టాలి, అనుమానం మీది కదా అని. కౌంటర్ ఆవిడ కళ్లజోడు సర్దుకుని కార్డా, నోట్లా అని అడిగింది, అంతే.

పది రోజులకు పోస్టులో వచ్చింది. పైన గద్ద బొమ్మ, కింద నా పేరు, ఎంట్రీలు ఏమీ లేవు అని ఒక్క ముక్క. ఎంత మురిసిపోయానో! పుట్టి బుద్ధెరిగాక నేను మంచిదాన్నని ఎవరైనా రాసివ్వడం అదే మొదలు. (మా అమ్మ నోటి మాటగా కూడా అనేది కాదు.) వెంటనే బాపుకి, అదే మా నాన్నకి, వీడియో కాల్ చేసి చూపించాను. మా బాపు సంగతి చెప్పాలి. ఆయన చేతికి చిక్కిన ఏ కాగితమూ ప్లాస్టిక్ తొడుక్కోకుండా బయటపడలేదు. నా పదో తరగతి మెమో, రేషన్ కార్డు, ఆఖరికి వాళ్ల పెళ్లి పత్రిక కూడా. ఫోన్‌లో కాగితాన్ని కళ్లారా చూసుకుని, "సర్కారు కాగితం ఊకెనే వస్తదా బిడ్డా? చెమ్మ తగిలితే ఆగమైతది, పోయి లామినేషన్ చేయించు" అన్నాడు. వెళ్లాను. జిరాక్స్ షాపు అతను, నిజంగానే చేయమంటారా అని రెండుసార్లు అడిగాడు. పని రాదేమో అనుకుని విసుక్కున్నాను.

హెడ్ మేడమ్ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది, గోటితో గీకింది, చాలా బాధగా తిరిగిచ్చేసింది. ప్లాస్టిక్ లోపల ఉన్నది అసలుదో నకలుదో తేల్చడం కుదరదట, ఇది చెల్లదట, కొత్తది తేవాలట. మళ్లీ అదే ఆఫీసు, అదే కళ్లజోడు, అదే పదమూడు యూరోలు.

"పోయిన వారమే కదా నేనేమీ చేయలేదని రాసిచ్చారు? ఈ వారం రోజుల్లో ఏం చేసుంటానండీ?"

ఆవిడ నా చేతిలోని కాగితం వంక చూసి, "లామినేషన్ చేశారు" అంది.

రెండో కాగితం నాలుగో తారీఖున వచ్చింది. కిటాకి పరిగెత్తాను. అప్పటికే ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు. నా జడ పట్టుకున్న పిల్లే ఆ అమ్మాయి జడ పట్టుకుని ఆడుకుంటోంది. గేటు బయటే బాపుకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. అంతా విని, "ఆ ప్లాస్టిక్ పీకేస్తే పోదా బిడ్డా?" అన్నాడు పాపం. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆ నెల అద్దెకి చెవి కమ్మలు అమ్ముకున్నాను.

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంటున్నాం, మా పాప కిటాకి వెళ్తోంది. మొన్న తల్లిదండ్రుల మీటింగులో, కొత్తగా చేరిన సాయం అమ్మాయి కాగితం ఇంకా రాలేదని యథాలాపంగా చెప్పారు. అంతే, లేచాను. కాగితం లేనిదే నా బిడ్డ దగ్గరికి ఎవర్నీ రానివ్వనని కడిగేశాను. కూర్చున్నాక గానీ తెలియలేదు, ఆ గొంతు ఫ్రైబర్గ్ హెడ్ మేడమ్‌దని.

మధ్యలో బయటికొస్తే, వరండాలో ఆ అమ్మాయి ఫీజు రసీదు పట్టుకుని నిలబడి ఉంది. ఖమ్మం పిల్లట. "నేనేం తప్పు చేయలేదని చెప్పడానికి నేనెందుకు కట్టాలక్కా?" అంది, ముక్కు పుటాలు అదురుతుండగా. మళ్లీ మీటింగులోకి వెళ్లి రెండోసారి లేచాను. అడిగేది మనం కాబట్టి ఫీజు మనమే కట్టాలి, కాగితం వచ్చేదాకా ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వకూడదు అన్నాను. సణిగారు గానీ ఒప్పుకున్నారు. వచ్చి చెప్తే ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

"థాంక్స్ అక్కా. రాగానే లామినేషన్ చేయించి తెస్తా."

నా అరుపుకి లోపలున్నవాళ్లంతా బయటికొచ్చారు. ఆ తర్వాత నవ్వాపుకోలేక అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

ఇంటికొచ్చి సొరుగులోంచి నాది తీసి చూశాను. పనికిరాని కాగితమే, కానీ ఇన్నేళ్లయినా ఒక్క మడత పడలేదు, అక్షరం చెదరలేదు. బాపు చెప్పింది నిజమే.