దాపటెద్దును విప్పిన పెదనాన్న

మా పెదనాన్న పోయిన కబురు రొయ్యల గుంటలో మేత చల్లుతుండగా తెలిసింది. ఆయన కొడుకు ఫోన్ చేసి, "నాయన పోయినాడురా. పొద్దున కాఫీ తాగి పడుకున్నాడు, మళ్ళీ లేవలా" అన్నాడు. మిగిలిన మేత చల్లేసే వెళ్ళాను. సగంలో వదిలి వస్తే ఆయన ఒప్పుకునే మనిషి కాదు.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టేశారు. ఏదో పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించిన ఆయన ముఖం, పక్కన ఎవరిదో ఎద్దు. కింద 'బండలాగుడు వీరునికి కన్నీటి జోహార్లు'. కట్టింది మా ఊరి పందేల కమిటీ. రెండేళ్ళ కిందట ఆయన్ని పిరికివాడని వెక్కిరించింది వీళ్ళే. చూడగానే అసహ్యం వేసింది. చావింట్లో మాట అనలేక ఇక్కడ రాస్తున్నాను.

పెదనాన్న బతుకంతా పందెం ఎద్దులను పెంచాడు. తెల్లవారగానే వాటిని తడి ఇసుకలో నాలుగడుగులు నడిపించి, వంగి గిట్టల గుర్తులు చూసేవాడు. ఒక గుర్తు తేలికగా పడితే ఆ కాలికేదో నొప్పని, ఆ పూట కాడి కట్టేవాడు కాదు. "మేత వదిలేసిందంటే సెలవడిగినట్టేరా" అనేవాడు. మనుషులతో ఇంత ఓపిక ఉండేది కాదు. పలకరించడానికి వెళ్తే ముందు ఎద్దుల దగ్గరకు పంపి, తర్వాత కూర్చోమనేవాడు.

రెండేళ్ళ కిందటి ఆ వేసవి సెలవుల్లో మా పాప పట్టుబడితే నెల్లూరులో పిల్లల బొమ్మల సినిమాకు వెళ్ళాం. జంతువుల పందేల కథ అనేసరికి పెదనాన్న కూడా ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. తెర మీద కోడెలు, మేకలు, కుందేళ్ళు బూట్లు వేసుకుని, తెలుగులో జోకులు వేసుకుంటూ పరుగెత్తాయి. మొదట్లో ఆయన నవ్వాడు. మేక పరుగు మధ్యలో ఆగి సీసా ఎత్తి నీళ్ళు తాగితే, "దీనికి మన కమిటీ వాళ్ళకంటే బుద్ధుందే" అన్నాడు.

చివరి పందెంలో కోడెకు కాలు మడతపడింది. "నా కాలు నొప్పిగా ఉంది" అని అది ఏడుస్తూ చెప్పింది. దానికి శిక్షణ ఇచ్చే ముసలి తాబేలు, "నొప్పి నీ మనసులో ఉంది, పరుగెత్తు" అంది. పాట మొదలైంది. కోడె కుంటుకుంటూ గెలిచింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. పెదనాన్న "థూ" అని బయటకు నడిచాడు.

"గెలిచింది గదా తాతా, ఎందుకొచ్చేసినావు?" అని పాప అడిగింది.

"అది నోరు తెరిచి చెప్పింది గదమ్మా, కాలు నొప్పని. విన్నోడు ఒక్కడన్నా ఉండాడా ఆడ?"

ముసలాయన చాదస్తం అనుకున్నాను.

మరుసటి వారమే పక్కూరి తిరునాళ్ళలో పందెం. ఇచ్చిన సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. మా ఊరి పేరు మీద దిగింది పెదనాన్న జత. తోలేవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకొక్క రౌండు లాగితే పందెం మాది. అప్పుడు ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

కమిటీ పెద్ద పరుగెత్తుకొచ్చాడు. "ఏంది పెద్దాయనా, ఆపేసినావే?"

"దాపటిదానికి కాలు ఆనడంలా." దాపటిదంటే కాడికి ఎడమపక్క ఎద్దు.

"ఒక్క రౌండుకు చచ్చిపోద్దా? సినిమాలో కోడె కుంటుకుంటానే గెలిచిందంట గదా, మీ మనవరాలు ఊరంతా చెప్తా ఉండాది!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. పెదనాన్న నావైపు చూశాడు. నా చేతిలో చర్నాకోల ఉంది.

"ఒక్క రౌండే గదా పెదనాన్నా" అన్నాను.

"దాన్ని అవతల పారెయ్" అన్నాడు. నేను పారేసేలోపే దాపటిదాన్ని కాడికి కట్టిన పలుపు విప్పేశాడు.

జనం ఈలలు వేశారు. నీళ్ళ ప్యాకెట్లు విసిరారు. ఒకటి ఎద్దు ముఖాన పగిలింది. "పిరికి ముసలోడా, ఇంటికి పోయి కోళ్ళు మేపుకో" అని అరిచినవాడే మొన్న ఫ్లెక్సీకి తాడు కట్టాడట.

ఆ ఎద్దు ఆ తర్వాత చాలా వారాలు కాలు సరిగా ఆనించలేదు. పెదనాన్న దాన్ని అమ్మలేదు, మళ్ళీ పందేనికి పోలేదు. ఆ రోజు సంగతి నాతో ఎత్తనూ లేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేదేమో. ఆ ఫ్లెక్సీని చూసినప్పటి అసహ్యంలో నా వంతు కూడా ఉంది.

పందెం ఆపేసిన ఆ మధ్యాహ్నం మేం ఊరికి నడిచే వచ్చాం. బరిలోకి చెప్పులతో దిగకూడదు. గట్టున విడిచిన చెప్పుల కోసం ఆయన వెనక్కి వెళ్ళలేదు. తారు కాలిపోతోంది. ఎద్దులను రోడ్డు పక్క గడ్డి మీద నడిపిస్తూ, తాను తారు మీద ఉత్త కాళ్ళతో, కుంటే ఎద్దు ఎంత వేస్తే అంతే అడుగు వేస్తూ వెళ్తున్నాడు. వెనకాల పది గజాల దూరంలో ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నేను. ముందుకెళ్ళి ఇవ్వడానికి ముఖం చెల్లలేదు.