ఆపినవాటి లెక్క

ప్రియమైన సహోదరీ సహోదరులారా, పోయిన ఏడాది ఈ రోజుల్లో నాకు ఏడు తర్వాత ఏ అంకె వస్తుందో తెలియదు. నవ్వులాటకు చెప్పడం లేదు. షామ్‌బర్గ్‌లోని మన తెలుగు సహవాసంలో నన్ను ఎరిగినవాళ్ళకు ఈ మాట ఎంత వింతగా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే ఎవరైనా పాట మొదటి మాట ఎత్తుకుంటే చాలు, పుస్తకం తెరవకుండా దాని నంబరు చెప్పేవాణ్ణి నేను, పాస్టరుగారు కూడా వేదిక మీద నుండి "రత్నంగారూ, ఎంత?" అని అడిగేవారు, నేను వెనక వరుసలోంచి చెప్పగానే పిల్లలు గబగబా పేజీలు తిప్పేవారు.

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం ఒంగోలులో పొగాకు గోదాములో బేళ్ళు పేరుస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. నా భార్య సుగుణ నర్సు ఉద్యోగం మీద ఈ దేశం వచ్చినప్పుడు ఆ లెక్కే నాతో వచ్చింది, ఒక ట్రక్కుల కంపెనీలో నాకు అన్నం పెట్టింది. ఏ పెట్టె ట్రెయిలర్‌లో ముందుండాలి, ఏది వెనకుండాలి, వెనక ఇరుసు మీద ఎంత బరువు పడితే దారిలో తూకం దగ్గర బండి ఆపేస్తారు, ఇదీ నా పని.

ఒక ఉదయం ఆఫీసులో స్క్రీన్ మీది అంకెలు చీమలబారులా కదిలాయి, కుడి చేతిలోని కాఫీ కప్పు జారి కాళ్ళ మీద పడింది. మెదడులో ఎడమవైపు చిన్న రక్తపు గడ్డ అన్నారు. ప్రాణానికి భయం లేదు, మాట పోలేదు, చెయ్యి మెల్లగా స్వాధీనంలోకి వస్తుంది అన్నారు. మరి లెక్క సంగతి ఏమిటని అడిగితే డాక్టరమ్మ రావచ్చు, రాకపోవచ్చు అంది.

తర్వాతి ఆదివారం గుడిలో పాట నంబరు చెప్పారు. నేను పుస్తకం తెరిచి పట్టుకున్నాను గానీ అది ఏ పేజీయో నాకే తెలియదు, పక్కవాళ్ళ పెదవులు చూస్తూ పాడాను. పాస్టరుగారు నన్ను అడగడం మానేశారు. దయతోనే మానేశారు, అయినా ఆ దయ నాకు రాయిలా తగిలింది. కంపెనీలో నా కుర్చీ ఖాళీగానే ఉంచారు, లెక్క వచ్చినప్పుడు రమ్మన్నారు. రాకపోతే నేను ఏమి మనిషిని? వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇలా ప్రార్థించాను: "ప్రభువా, ఆకాశంలో నక్షత్రాలు ఎన్నో నీకు తెలుసు. నేను అంత అడగను. నాకు ఇరవై వరకు తిరిగి ఇయ్యి, చాలు."

దేవుడు జవాబు పంపాడు సహోదరులారా! అయితే నేను ఎదురుచూసినట్టు పంపలేదు. బట్టతలతో, మోకాలికి కట్టుతో, నోటినిండా నవ్వుతో ఒక మెక్సికో మనిషిని పంపాడు. ఫిజియోథెరపీ గదిలో నా పక్క చాప అతనిది. పేరు ఎఫ్రయీన్. మన చుట్టుపక్కల ఉన్న ఒక చిన్న ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బులో డిఫెండర్, అంటే తన గోల్ ముందు నిలబడి వచ్చేవాళ్ళను ఆపేవాడు. వయసు ముప్పై అయిదు, మోకాలి లోపలి నరం తెగి ఆపరేషన్ అయింది, ఇక ఆడటం అనుమానమే అని క్లబ్బువాళ్ళు కూడా అనుకుంటున్నారట.

అతని కథ వింటే మీరూ నవ్వుతారు. మెక్సికో ఉత్తరాన ఎడారి అంచున ఒక ఊరు అతనిది, నాన్న పాల వ్యాను నడిపేవాడు. మొదట గోల్స్ వేసే ఆటగాడే, అయితే పదిహేడో ఏట ఒకరోజు జట్టులో డిఫెండర్ రాలేదు, కోచ్ ఇతణ్ణి పిలిచి ఈ ఒక్క రోజుకు వెనక నిలబడు అన్నాడు, ఆ ఒక్క రోజు పద్దెనిమిది ఏళ్ళు నడిచింది. ఒక జట్టుతో కింది డివిజన్‌కు పడిపోయాడు, ఇంకో జట్టు కప్పు గెలిచిన రోజు ఇతను జ్వరంతో మంచం మీద ఉన్నాడు, దేశం జట్టుకు ఒకసారి పిలిచారు గానీ బెంచీ మీదనుంచి లేపలేదు. జీవితం మొత్తంలో ఎనిమిది గోల్స్ వేశానని చెప్పి, అందులో రెండు మా గోల్‌లోనే పడ్డాయని తనే ముందు నవ్వేవాడు. నన్ను డాన్ రత్నం అనేవాడు. వాళ్ళ భాషలో డాన్ అంటే మనం పేరు చివర గారు అన్నట్టు.

థెరపిస్టు మా ఇద్దరికీ ఒక మెత్తని బంతి ఇచ్చి, ఒకరికొకరు విసురుకోండి, రత్నం పైకి లెక్కపెట్టాలి అంది. ఆరు అనేవాణ్ణి, తర్వాత తొమ్మిది అనేవాణ్ణి. సిగ్గుతో చెమటలు పట్టేవి. ఎఫ్రయీన్ ఒక్కసారీ దిద్దలేదు, బంతి మళ్ళీ విసిరేవాడు, అంతే. ఒకరోజు నేను బంతి కోసం ముందుకు తూలితే భుజం పట్టి ఆపాడు. "బంతి వెంట పరుగెత్తకు, డాన్ రత్నం. పరుగెత్తేవాణ్ణి అది మోసం చేస్తుంది. కొంచెం పక్కకు తిరిగి నిలబడు. అదే నీ దగ్గరికి వస్తుంది." నేను అలా నిలబడ్డాను. ఆ రోజు పన్నెండు వరకు వెళ్ళాను, మధ్యలో ఏదో అంకె పోయిందని తెలుసు, అయినా వెళ్ళాను.

కొన్ని నెలలకు అతని మోకాలు ఒక మ్యాచ్‌కు తయారైంది. సీజన్‌లో ఆఖరిది, సొంత మైదానంలో. శనివారం మధ్యాహ్నం ఆట, పొద్దున మా ఇంట్లో ప్రార్థనకు గృహకూడిక, అతణ్ణి రమ్మన్నాను. సిలువ గుర్తు వేసుకుని వచ్చి కూర్చున్నాడు. మన సహవాసానికి పెద్దదిక్కు శాంతమ్మ ఆంటీ అతని పేరు విని, ఎఫ్రాయీమా, బైబిల్లో పేరే కదా అని మురిసిపోయి, ప్రార్థన చేసిన ఆలివ్ నూనె సీసా తెచ్చి మోకాలి మీద ఒంపి, తొడ నుండి పిక్క దాకా మర్దన చేసింది.

"ఆంటీ, నుదుటి మీద బొట్టంత రాస్తే చాలు కదా" అంది సుగుణ.

"కొంచెం నూనె రాస్తే కొంచెమే స్వస్థత వస్తే ఎట్టా అమ్మాయ్?" అంది ఆంటీ, ఇంకాస్త ఒంపుతూ.

లేచి వెళ్ళబోతూ ఎఫ్రయీన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "గోల్ వేసినవాడి లెక్క అందరూ రాస్తారు. నేను ఆపినవి ఇన్నేళ్ళలో ఒక్కడూ లెక్కపెట్టలేదు. ఇవాళ నువ్వు లెక్కపెట్టు." నావల్ల కాదు, తప్పు చెప్తాను అన్నాను. "తప్పైనా సరే, మొదటి లెక్క నీదే" అన్నాడు.

మైదానంలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మోకాలికి వేయాల్సిన టేపు నూనె మీద అంటుకోలేదు. ట్రెయినర్ తుడిచాడు, స్పిరిట్ రాశాడు, మళ్ళీ వేశాడు, అది కాస్తా జారి చీలమండ దగ్గరికి వచ్చింది. ఇది ఎవరు చేశారని అరిస్తే, మా తెలుగు అమ్మమ్మ అన్నాడట ఎఫ్రయీన్. చివరికి టేపు లేకుండానే దిగాడు, ఎండలో ఆ మోకాలు ఇత్తడి చెంబులా మెరిసింది, పై వరుసలో కూర్చున్న మాకు కూడా కనబడింది.

నేను భయంతో గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు. మొదటి బంతి అతని వైపు వచ్చింది, తలతో కొట్టి పంపాడు. తర్వాత ఒక కుర్రవాడు పక్కనుంచి దూసుకొచ్చాడు, ఇతను పక్కకు తిరిగి నిలబడ్డాడు, కుర్రవాడు వెళ్ళిపోయాడు, బంతి ఇతని దగ్గర ఉండిపోయింది. అలా నేను ఆటలో మునిగిపోయాను సహోదరులారా, నా రోగం మరచిపోయాను, అంకెలు మరచిపోయాను, ఆ మెరిసే మోకాలు ఒక్కటే చూస్తున్నాను. చాలాసేపటికి సుగుణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎందుకా అని చూస్తే ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"ఏమండీ, మీరు పైకి లెక్కపెడుతున్నారు" అంది.

"ఎంతయింది?"

"పదిహేడు. ఒక్కటి కూడా తప్పలేదు. నేనూ పెడుతున్నాను."

ఆట మిగిలే ఉంది. పద్దెనిమిది, పందొమ్మిది. తర్వాత కోచ్ అతణ్ణి బయటికి పిలవబోతున్నాడని తెలుస్తూనే ఉంది, అప్పుడే గోల్ ముందు నేలమీద జారి కాలు చాచి ఇంకొకటి ఆపాడు. ఇరవై. నేను అడిగింది ఇరవయ్యే కదా! కొంచెం కుంటుతూ బయటికి వచ్చాడు, జనమంతా లేచి నిలబడ్డారు, మేము ఏడుస్తూ నవ్వుతూ నిలబడ్డాం. అదే అతని చివరి ఆట. కింద గేటు దగ్గర ఇరవై అని చెప్తే నన్ను కౌగిలించుకుని, రిఫరీ చూడనివి కూడా కలిపావా అని చెవిలో అడిగాడు. ఇప్పుడు అతను ఇక్కడే పిల్లలకు ఆట నేర్పుతున్నాడు, బంతి వెంట పరుగెత్తే వాళ్ళను భుజం పట్టి ఆపుతున్నాడు.

నాకు అన్నీ ఒక్కరోజులో రాలేదు. ఇరవై పైన మళ్ళీ తడబడ్డాను, నెలల తరబడి మందులూ వ్యాయామమూ ప్రార్థనా కలిసి నడిచాయి, ఇప్పుడు సగం రోజులు పనికి వెళ్తున్నాను, నేను పేర్చిన బండి ఏదీ ఇంతవరకు తూకం దగ్గర ఆగలేదు. మొన్న ఆదివారం శాంతమ్మ ఆంటీ ఒక పాట ఎత్తుకుంది. పాస్టరుగారు పుస్తకంలోకి చూడబోయి, ఆగి, వెనక వరుస వైపు తల ఎత్తి, మెల్లగా "రత్నంగారూ, ఎంత?" అన్నారు. నూట ఇరవై ఏడు అన్నాను. పిల్లలు పేజీలు తిప్పారు.

సహోదరీ సహోదరులారా, దేవుడు మనకు ఇచ్చినవాటిని మనం లెక్కపెట్టుకుంటాం, సాక్ష్యాల్లో చెప్పుకుంటాం. మన ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోయిన కీడులు ఎన్ని? ఆ రక్తపు గడ్డ ఇంకాస్త పెద్దదైతే? ఆ ఉదయం నేను కారు నడుపుతూ ఉంటే? మన ముందు నిలబడి ఆయన ఆపినవాటి లెక్క నాకు రాదు, మీకూ రాదు. ఈ రోజు దేని వెంటో పరుగెత్తి అలసిపోయినవాళ్ళు ఇది చదువుతూ ఉంటే, ఒక్కసారి ఆగండి, ఆయన వైపు తిరిగి నిలబడండి, మీరు అడిగింది మీ దగ్గరికే రావచ్చు. వచ్చే ఆదివారం మా మధ్యకు కూడా రండి, వెనక వరుసలో నా పక్కన చోటుంది, పాట నంబరు నేను చెప్తాను. మహిమంతా ఆయనదే.