రంపానికి ఉత్త కాడి

అనంతగిరి కొండల్లో వంతల సుక్ర కొత్త గిత్తకు మొదటిరోజు నాగలి కట్టడు. మెడ మీద ఉత్త కాడి వేసి చేను చుట్టూ తిప్పుతాడంతే. ఊరందరికీ కలిపి ఒక్కటే వచ్చిన పెట్రోలు రంపానికీ అదే మర్యాద. బీడీ ఆర్పి దూరంగా పారేసి, సీసాను కంటికెదురుగా ఎత్తి, గీత చూసుకుంటూ పెట్రోల్లో ఆయిలు కలిపాడు. మొదటి ట్యాంకు అయ్యేదాకా కొత్త ఇంజనును గట్టిగా తోలకూడదు. వేడెక్కి బిగుసుకుపోయిందా, గాలివానకు కాఫీ తోటల మీద కూలిన సిల్వర్ ఓక్ మాన్లను మళ్ళీ గొడ్డళ్ళతోనే నరుక్కోవాలి.

పంపిణీకి వచ్చిన ఆఫీసరు ధర్మతేజకు వీడియో కావాలి. ఇచ్చే చేతికి ఎదురుగా ఫోను పట్టే చెయ్యి ఉండాలన్నది ఈ కాలపు ఆచారం కదా. సుక్ర రంపాన్ని నేలకు ఆనించి, వెనక పిడిలో కాలు దూర్చి, తాడు రెండుసార్లు లాగి స్టార్టు చేశాడు. అది సన్నగా గురగురలాడింది.

"సౌండ్ రావట్లేదయ్యా, ఫుల్లుగా రేజ్ చెయ్యి!" అంటూ ఆఫీసరే మీట నొక్కబోయాడు.

సుక్ర ఆ చేతిని విసిరికొట్టాడు. కొండవాళ్ళు ఎవరినైనా నువ్వనే అంటారు. ఆ పూట ఆ నువ్వులో నిప్పుంది.

"ఏటి సేత్తన్నావు నువ్వు? పచ్చి ఇంజనది! పాడైతే నీ ఫోనుతో కొయ్యాలా మాన్లు?"

"ఒక్క నిమిషమేగా..."

సుక్ర స్విచ్చి ఆపేశాడు.

"సౌండేనా కావాలి? నువ్వే అరుసుకో బాబూ. వీడియో మేం తీత్తాం."