గుడ్లగూబ దీవిలో ఎవరూ చావలేదు

మా నరసింగరావు మావకి ఒకటే జబ్బు. నవలలో ఎవరు చచ్చిపోయినా తలస్నానం చేసి, వంట చేయించి, వాళ్ల పేరున ఆకు వేసేవాడు. రాకుమారుడి మేనమామ పోతే ఆకు. రాకుమారుడి గుర్రం పోతే, పాపం ఎంత పరుగెత్తిందో అని ఇంకో ఆకు.

"రాచ్చసుడికి కూడా గారెలేటి?" అని దాలమ్మత్త పొయ్యి దగ్గర్నుంచి అరిచేది.

"సచ్చిపోనాక రాచ్చసుడేటి, రాజేటే? ఇంకో రెండు ఎయ్యి."

అరవై ఎనిమిది ప్రాంతంలో కళింగపట్నాన్నంతా 'గుడ్లగూబ దీవి' పట్టుకుంది. భాగాలు భాగాలుగా వచ్చే మంత్రాల నవల. నేను శ్రీకాకుళంలో గుమాస్తాని. ఒక్కో భాగం అద్దెకు తెచ్చిస్తే, మావ తన కొట్టు అరుగు మీద రోజూ కొన్ని పేజీలు పైకి చదివేవాడు. మాంత్రికుడు ఘోరదంతుడి నవ్వు ఆయన నవ్వితే, పాలు విరిగిపోయాయని పక్కింటివాళ్లు పోట్లాటకొచ్చారు. రోజుకొక చావు తప్పేది కాదు. తప్పితే, పాత భాగాల్లో పోయిన దాసీలెవరో మావకి హఠాత్తుగా గుర్తొచ్చేవారు.

సందెవేళ ఆకు పట్టుకుని ఒక్కడే పాడుబడ్డ గిడ్డంగుల వైపు నడిచేవాడు. ఓడలు రావడం మానేశాక అటు ఎవరూ పోయేవారు కాదు. తలుపుల్లేని గుమ్మాల్లోంచి సముద్రపు గాలి మూలిగేది. తెల్లారేసరికి ఆకు ఖాళీ. అదేం వింత కాదు, కాకులున్నాయి. కానీ ఆకు శుభ్రంగా మడిచి, పైన రాయి పెట్టి ఉండేది. కాకులు ఆకు మడుస్తాయా?

"ఘోరదంతుడి తమ్ముడు, మొన్న సచ్చినోడు, ఆడే వచ్చి తింతన్నాడు," అన్నాడు టైలరు ఎర్రన్న. ఆ తర్వాత సముద్రం వైపు కిటికీ తెరవలేదు.

ఆఖరి భాగం వచ్చింది. అరుగు చాలక జనం రోడ్డు మీద కూర్చున్నారు. తీరా చూస్తే రాసినాయన ధర్మాత్ముడు. సంజీవని పువ్వు తెప్పించి, చచ్చిన పెద్దలందరినీ గుర్రంతో సహా లేపేశాడు. ఘోరదంతుడు బుద్ధి తెచ్చుకుని కాశీకి పోయాడు. పెళ్లి ఘట్టానికి ఆడవాళ్లు పుస్తకం మీద అక్షింతలు వేశారు. ఎర్రన్న బెల్లం పంచాడు.

మావ ఒక్కడే తల పట్టుకున్నాడు. "ఒక్కడైనా సావలేదేట్రా! పాత దాసీలకి కూడా ఆకులైపోనాయి."

"మంచిదే కదా మావా!"

"నీకేటి తెలుసురా! ఈయేల ఆకెయ్యకపోతే ఎలాగ? అక్కడ కాసుకుని ఉంటాది."

"ఎవరు?"

మావ లోపలికెళ్లిపోయాడు. అలవాటు ప్రకారం అన్నం కట్టుకుని బయల్దేరిన మావ వెనకాలే, చప్పుడు కాకుండా నడిచాను.

గిడ్డంగి గుమ్మంలో ముందు తెల్లటి జుట్టు కనపడింది. తర్వాత ఎముకల చెయ్యి.

"ఈయేల ఎవరు పోనారు బాబూ?"

అప్పుడు పోల్చుకున్నాను. అసిరమ్మ! కొడుకులిద్దరూ సముద్రంలో పోయాక, తనే చేతబడి చేసి, చిల్లంగి పెట్టి మింగేసిందని ఊరు వెలేసిన ముసలిది. ఎవరైనా బియ్యం ఇవ్వబోతే "నానేటి ముష్టిదాన్నా?" అని మొహాన కొట్టేది. పోయినవాళ్ల పేరున పెట్టిన అన్నం మాత్రం తినేది. అది ముష్టి కాదు, ఆమె వాళ్లకి చేసే ఉపకారం.

మాంత్రికుల గొంతులన్నీ పలికే మావకి సొంతంగా ఒక్క అబద్ధం రాలేదు. "ఈయేల... మరి..."

"ఎవురూ పోకపోతే పట్టుకెల్లిపో," అని ఆమె ఆకు వెనక్కి తోసింది.

నేను చీకట్లోంచి బయటికొచ్చాను. "అదేటి మావా, ఆఖరి యుద్ధంలో సైన్యం పోనాది కదా! పువ్వు ఒక్కటే, దొరలకే సరిపోనాది. పదివేలమంది బంట్లు అలాగే ఉండిపోనారు. పాపం, ఆల్లకి పేర్లయినా లేవు."

మావ మొహం వెలిగిపోయింది. "పదివేలమందే!"

అసిరమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆకు దగ్గరికి లాక్కుంది. రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తకుండానే అడిగింది.

"అందరూ పప్పు తినీవోల్లేనేటి? సేపల పులుసు తినీవోడు ఒక్కడైనా సావలేదా?"

మావ గంభీరంగా గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నాడు. ఆడి వంతు రేపు."