లాగౌట్ చేశావా, గ్రెటా?

రోజూ సాయంత్రం సరిగ్గా నాలుగూ యాభైకి ఆర్విల్ హౌగెన్ కాఫీ కప్పు పట్టుకుని వరండాలో బయల్దేరేవాడు. డులూత్ సరస్సు పరిశోధన కేంద్రంలో కంప్యూటర్లన్నీ ఆయన చేతికిందే ఉండేవి. ఎవరైనా లాగౌట్ చెయ్యకుండా సెషన్ తెరిచి వదిలేస్తే ఆయనకు ముద్ద దిగేది కాదు.

“లాగౌట్ చేశావా?”

“బాత్రూముకే కదండీ వెళ్తున్నాను!”

“అయితే?”

అక్కడి పరిశోధకురాలు గ్రెటా నైలుండ్ పెళ్లిలో, చర్చి గుమ్మం దగ్గర ఆమె చెవిలో ఆయన అడిగిందీ అదే. ఆమె చెయ్యకుండానే వచ్చేసింది. పెళ్లికొడుకు ఫోను తీసుకుని అక్కడే లాగౌట్ చేసింది. పెళ్లి పది నిమిషాలు ఆగింది.

శుక్రవారం ఆయన రిటైరయ్యాడు. కేకు కోయబోతూ కత్తి ఆపి, “అందరూ లాగౌట్ చేసే వచ్చారా?” అన్నాడు. సగంమంది లేచి వెళ్లారు.

సోమవారం పొద్దున ఆయన స్థానంలో చేరిన కొత్తావిడ డెనీస్ వచ్చి చెప్పింది. “ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతి. లాగౌట్ చేసి సెషన్ మూస్తే అందులో నడిచేవన్నీ ఆగిపోతాయి. నీ మంచు లెక్క నడుస్తోందిగా గ్రెటా? లాగౌట్ మాత్రం చెయ్యకు తల్లీ.”

సరస్సు మీద మంచు గురించి అక్టోబరులో ఆర్విల్ కంప్యూటర్లో మొదలుపెట్టి ఇచ్చిన లెక్క అది. నలభై ఒక్క రోజులుగా నడుస్తోంది. గురువారానికి పూర్తవకపోతే గ్రెటా వ్యాసం ఈ ఏటికి లేనట్టే.

మధ్యాహ్నమంతా ఆమె చెవి వరండా మీదే ఉంది. పన్నెండేళ్లు విసుక్కున్న ఆ బూట్ల చప్పుడు రాలేదు. నాలుగూ యాభై అయింది. ఖాళీ గుమ్మంకేసి చూస్తూనే, చెయ్యి అలవాటుకొద్దీ లాగౌట్ నొక్కేసింది.

“డెనీస్! కొంప మునిగింది!”

డెనీస్ పరుగెత్తుకొచ్చింది. మళ్లీ లాగిన్ అయి చూస్తే లెక్క నడుస్తూనే ఉంది.

“ఓహో! ముసలాయన దీన్ని నీ సెషన్‌లో పెట్టలేదు. విడిగా సర్వీసుగా నడిపించి, నీ పేరుకి లింగర్ అనే ఏర్పాటు పెట్టాడు. నువ్వు వెళ్లిపోయినా నీ పని ఉండిపోతుంది.”

“నా ఒక్కదానికేనా?”

“పదకొండు పేర్లున్నాయి.”

ఆఫీసులో ఉన్నదే పదకొండు మంది.

చేరిన కొత్తలో లెక్కకు కాపలాగా గ్రెటా రాత్రిదాకా ఇక్కడే కూర్చుండిపోయేది. అప్పుడు లాగౌట్ అయ్యాక కూడా ఆర్విల్ గుమ్మం వదిలేవాడు కాదు, ఆమె ఇంటికి వెళ్లడానికి కోటు తొడుక్కునేదాకా.

ఫోను చేసింది.

“ఆర్విల్ గారూ, లాగౌట్ చేశాను.”

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది. “ఎన్నింటికి?”

“నాలుగూ యాభైకి.”

“ఇప్పుడు ఐదూ పది. ఇంకా అక్కడేం చేస్తున్నావే?”

గ్రెటా కోటు తీసుకుంది.