నా దారాలు తీసిందెవరు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే వినేవాళ్లు యాభై ఏళ్లు వెనక్కి పోయి కూర్చుంటారు. నా 'ఆ రోజులు' అంత దూరం లేవు. ఇది ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు యాభై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, ఇద్దరు మనవళ్లు. అయినా దీన్ని నా చిన్ననాటి ముచ్చటగానే చెబుతాను, ఎందుకంటే నాకు అక్షరాలు వచ్చింది ఆ ఏడే. అక్షరం రాని మనిషికి బాల్యం మొదలు కానట్టే అని ఎప్పుడో ఒక సారు మీటింగులో చెప్పాడు. వెనక బెంచీలు తుడుస్తున్న నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది. కానీ ఈ ఒక్క కథకు ఆ మాట అక్కరకొచ్చింది కాబట్టి వాడుకుంటున్నాను.

సూళ్లూరుపేట దాటి సరస్సు వైపు పోయే దారిలో ఒక హైస్కూల్లో నేను ఆయమ్మను. పొద్దున తాళాలు తీయడం, గంట కొట్టడం, నోటీసు పుస్తకం క్లాసు క్లాసుకూ తిప్పి టీచర్ల సంతకాలు తేవడం, సాయంత్రం మళ్లీ తాళాలు వేయడం. పిల్లలు గంటవ్వ అనేవాళ్లు. పనిలో చేరేటప్పుడు చదువొచ్చునా అని అడిగారు. మా ఆయన పోయిన ఏడాది అది, పడవ అమ్ముకున్న ఏడాది. వచ్చు అన్నాను. ఆ అబద్ధాన్ని పదకొండేళ్లు చెమ్మ తగలని చోట ఎండుచేపలా దాచుకున్నాను. నోటీసు నేను చదవక్కర్లేదు, పేజీ తెరిచి పట్టుకుంటే చాలు. తాళంచెవులు పద్నాలుగు, అన్నీ ఒకే అంగట్లో ఒకే రోజు కొన్నవి, ఒకదాన్ని చూస్తే ఇంకోదాన్ని చూడక్కర్లేదు. వాటికి వలదారం ముక్కలు కట్టుకున్నాను. ల్యాబుకు ఎర్రది, స్టోరుకు పచ్చది, పెద్ద సారు గదికి నీలం, మరుగుదొడ్లకు నల్లది. ఒక్కసారి మాత్రం దెబ్బతిన్నాను. రేపు సెలవు అనే నోటీసు నా చేతులతోనే తిప్పి, మర్నాడు నేనే వచ్చి గేటు తీసి గంట కొట్టాను. (ముందురోజు పిల్లల అరుపులు వినబడ్డాయి గానీ, మా పిల్లలు ఏమీ లేకపోయినా అరుస్తారు.) కాకులు తప్ప ఎవరూ రాలేదు. దారిన పోతున్న పెద్ద సారు ఆగి అడిగితే, "గంట బాగా మోగతా ఉందా లేదా అని చూస్తా ఉండాను సార్" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. నమ్మాడనుకున్నాను.

ఆ ఏడు పెద్ద సారుకు ఒక ఆలోచన పుట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలు రెండు వారాలపాటు మా బడిలోనే తలా ఒక ఉద్యోగి దగ్గర పని నేర్చుకోవాలట. దాన్ని ఇంటర్న్‌షిప్ అన్నారు. చివర్లో ఆ ఉద్యోగి ఒక ఫారం మీద పిల్ల గురించి తన మాట రాయాలి. దాన్ని బట్టే మార్కులు. కంప్యూటర్ సారు దగ్గరికి పోటీ, ల్యాబుకు పోటీ, చివరికి నోరెత్తని లైబ్రరీ టీచరమ్మ దగ్గరికి కూడా పోటీ. నా దగ్గరికి ఒక్కరూ రామన్నారు. చీటీలేశారు. నా చీటీ తగిలిన పిల్ల మొహం మాడ్చుకుని వచ్చి నా స్టూలు ముందు నిలబడింది. చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్ల. సన్నటి చెయ్యి, దానికి వాళ్లన్నది కాబోలు పెద్ద గడియారం. గడియారం పిల్ల అనే పిలుద్దాం.

"నీ కాడ నేర్చుకునేదానికి ఏముండాదవ్వా?"

"నోరు మూసుకోవడం. అది నేర్చుకుంటే మీయమ్మ నాకు దండం పెడతాది."

"గంట రెండు నిమిషాలు లేటుగా కొట్టినావు."

"నా గంటే టైము. నీ గడియారం తిప్పుకో."

"శ్రీహరికోటలో రాకెట్టోళ్లు సెకండ్లు లెక్కబెడతారు. మనం నిమిషాలన్నా చూడద్దా?"

"అయితే పొయ్యి వాళ్ల గేటుకాడ కొట్టు గంట."

ఇట్లా పది రోజులు గడిచాయి. ఆ పిల్లకు నేనంటే మంట, నాకు ఆ పిల్లంటే రెండింతల మంట. కానీ పని చేసేది, దాన్ని కాదనను. నా మోకాళ్లు చూసి మేడమీది గదులు తానే తెరిచేది. ఒకరోజు ఈ మురికి దారాలెందుకని అడిగింది. అందానికి అన్నాను. (అప్పటికే నూనె మురికి పట్టి, ఎర్రదేదో నల్లదేదో నాకు తప్ప దేవుడికి కూడా తెలియని స్థితి వాటిది.) ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. అక్కడే నేను భయపడవలసింది.

రెండో వారం చివర, పిల్లలు పని ఎట్లా నేర్చుకున్నారో చూడడానికి పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆ పొద్దున మేకుకు తగిలించిన గుత్తి తీశాను. దారాలు లేవు. ఒక్కొక్క చెవికీ తెల్లటి అట్టముక్క, దాని మీద నీలం సిరాతో రాత. ముందురోజు సాయంత్రం గుత్తి ఆ పిల్ల చేతిలోనే ఉండిపోయింది, పొద్దున్నే వచ్చి గేటు, గదులు తానే తెరిచి మళ్లీ మేకుకు తగిలించింది, ల్యాబు ఒక్కటే మిగిలింది. దాని ముందు అధికారి, పెద్ద సారు, సైన్సు టీచరు, వెనకాల క్లాసు మొత్తం. మొదటి చెవి పెట్టాను, తిరగలేదు. రెండోది తిరగలేదు. మూడోది ఇరుక్కుంది. చెమట కళ్లలోకి దిగింది.

"నా దారాలేవే?" అని అరిచాను.

"పారేసినానవ్వా," అంది గడియారం పిల్ల, ఇంకా నవ్వు మొహంతోనే. నన్ను సంతోషపెట్టాలనుకుంది పాపం. "పేర్లు రాసినాను కదా, చూసుకో."

"ఇదేం రాత? కోడి గీకినట్టుండాది. ఎవరు చదవతారు దీన్ని?"

అధికారి వంగి అట్టముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. "చాలా చక్కటి రాత కదమ్మా" అన్నాడు.

పిల్ల ఆయన్ను చూసింది, నన్ను చూసింది. నవ్వు పోయింది. ఏదో పెద్ద చేప వలలో పడిందని తెలిసినవాళ్ల మొహం అయింది దానిది. నా చేతిలో గుత్తి లాక్కుంది. "అట్టముక్కలు తారుమారుగా కట్టినట్టుండాను సార్. అవ్వ తప్పు లేదు," అంటూ రాత కనబడకుండా గుప్పిట్లో మూసి, రెండు వేరే చెవులు పెట్టి కావాలనే తప్పుగా తిప్పి, మూడో దాంతో తలుపు తీసింది. పెద్ద సారు అందరి ముందూ దాన్ని కడిగేశాడు. ఇంత అజాగ్రత్త పిల్ల ఏ పనికీ పనికిరాదన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు మూసుకోవడం నేర్పుతానన్న దాన్ని కదా, బాగా మూసుకున్నాను.

సాయంత్రం పిల్ల మెల్లగా అంది, "ఎవురికీ చెప్పనులే అవ్వా."

"నేనడిగినానా?"

"లేదు."

"అయితే పో."

సోమవారం పెద్ద సారు ఫారం నా ముందు పెట్టాడు. "ఆ పిల్ల తాళాలు తారుమారు చేసింది కదా ఆయమ్మా, అజాగ్రత్త అని రాసెయ్యి" అన్నాడు. రెండు రోజులుగా లోపల ఉడుకుతున్నదంతా పొంగింది.

"రాయను. నాకు రాయను రాదు, చదవనూ రాదు. ఆ పిల్ల సరిగ్గానే కట్టింది. పని తీసేస్తే తీసెయ్యండి."

ఆయన కలం మూత పెట్టాడు. "తెలుసులే ఆయమ్మా. సెలవు రోజు గంట కొట్టినప్పుడే తెలుసు."

"ఇంకెవురికి తెలుసు?"

"అందరికీ."

అసలైన కోపం నాకు అప్పుడొచ్చింది. పదకొండేళ్లు నేను భయంతో ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తిరిగితే, వీళ్లు జాలితో చూసి ఊరుకున్నారా? "దీన్ని బడి అంటారా సార్?" అన్నాను. "ఒక మనిషి అక్షరం రాకుండా పదకొండేళ్లు మీ కళ్ల ముందర తిరగతా ఉంటే, ఒక్కరన్నా కూర్చోబెట్టి నేర్పిచ్చినారా? ఆ పిల్లకైనా నన్ను కాపాడాలని తోచింది. మీకు నన్ను చూసి నవ్వుకోవాలని తోచింది."

నవ్వలేదు అన్నాడు. అది నిజమే కావచ్చు. తల మాత్రం దించుకున్నాడు. "నువ్వు చెప్పు, నేను రాస్తాను."

"మీరు రాస్తే మీ మాటవతాది. ఫారం అట్నే పెట్టండి. నేనే రాస్తా."

ఫారం ఆయన సొరుగులో ఐదు నెలలు ఉంది. ఆ పిల్ల మార్కులూ దాంతో పాటే ఆగాయి, అది ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. రోజూ మధ్యాహ్నం నా స్టూలు పక్కన కూర్చుని, ఆ అట్టముక్కలతోనే నేర్పింది. అందరూ దేవుడి పేరుతో అక్షరాలు దిద్దుతారు. నేను మొదట చదివిన మాట మరుగుదొడ్లు. (నల్లదారం చెవి. చేతికి మొదట అదే దొరికింది.) పంతులమ్మగా ఆ పిల్ల నాకంటే పాపిష్టిది. రెండు నిమిషాలు లేటుగా వస్తే గడియారం చూపించేది.

వేసవి సెలవులకు ముందురోజు ఫారం తెప్పించుకుని రాశాను. మూడు వరుసలకు ఒక పూట పట్టింది. "ఈ పిల్లకు నోరు ఎక్కువ. పని బాగా చేసింది. తాళాలకు పేర్లు సరిగా కట్టింది." పెద్ద సారు చదివి, తన కలంతో కింద సంతకం పెట్టాడు.

దాని నకలు నా పెట్టెలో ఉంది. అక్షరాలు తడి ఇసుకలో ఎండ్రకాయలు పరిగెత్తినట్టున్నాయి. ఆ పిల్ల ఇప్పుడు గూడూరులో నర్సు. నేను పని మానేశాను, పద్నాలుగు చెవులు ఇంకెవరి చేతిలోనో ఉన్నాయి. ఇంటికి ఉన్నది ఒకటే తాళం, దాన్ని ఇంకోదాంతో పొరబడే వీలు లేదు. అయినా ఎర్రదారం కట్టుకున్నాను. మొన్న ఆ పిల్ల వచ్చి చూసి, "ఇదెందుకవ్వా ఇంకా?" అంది. అందానికి అన్నాను. ఈసారి అబద్ధం కాదు.