కేసంటే ఎవరు?

మోకాలి నొప్పికి మందు రాయించుకుందామని మొన్న అనకాపల్లిలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. వరండా అప్పుడే కడిగినట్టున్నారు, ఫినాయిల్ వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. ఇంతలో లోపలినుంచి ఒక నర్సు పిల్ల "సిస్టర్, కొత్త కేసొచ్చింది" అని కేక వేసింది. నాకు తెలియకుండానే నడుం నిటారు చేసుకుని కూర్చున్నాను. ఆ వాసనా ఆ మాటా కలిసి నన్ను చోడవరానికి తీసుకుపోయి, డాక్టర్ సుభద్ర గారి ముందు నిలబెట్టాయి.

యాభైల నాటి మాట. విశాఖపట్నంలో నర్సు శిక్షణ ముగించుకుని, చోడవరం ఆసుపత్రిలో కాన్పుల వార్డులో చేరాను. తెల్ల బట్టలు కట్టుకున్నందుకే సగం పని వచ్చేసిందనుకునే వయసు. సుభద్ర గారు పొట్టిమనిషి, గొంతు మాత్రం పెద్దది. వీధిలో చెరకు బండ్ల రొదను దాటి వినిపించేది. చేరిన కొత్తలోనే నేను ఆవిడ గదిలోకి వెళ్ళి, "మాడుగుల నుంచి కేసొచ్చిందండీ" అన్నాను.

"ఏ కేసు? మా నాన్న కోర్టులో వాదించే కేసా, నా కళ్ళజోడు దాచుకునే కేసా?"

నేను బిక్కమొహం వేశాను. "ఆడమనిషండీ. నెలలు నిండాయి."

"అలా చెప్పు" అంటూ లేచి వెళ్ళి ఆమెను చూశారు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "చూడమ్మాయ్, ఆ మాట ఒకటి కాదు, రెండు. కళ్ళజోడు కేసూ, సూట్‌కేసూ లాటిన్‌లో పెట్టె అనే మాటనుంచి వచ్చాయి. దాని మూలం పట్టుకోవడం. కోర్టు కేసూ, జబ్బు కేసూ, ఇంగ్లీషు వ్యాకరణంలో మన విభక్తి లాంటి కేసూ, ఇవన్నీ ఇంకో తల్లి పిల్లలు. ఆ తల్లి మాటకు అర్థం, కింద పడటం. చిన్నప్పుడు అడిగి అడిగి మా నాన్న ప్రాణం తీసి తెలుసుకున్నాను." నవ్వి, మళ్ళీ గంభీరంగా అన్నారు: "అంటే కేసు మనిషి కాదు. మనిషి మీద వచ్చి పడినది. పడినదాన్నే పేరుగా పిలవడం మొదలుపెడితే, మనిషి నీకు కనిపించదు."

చదువుకున్నవాళ్ళ ముచ్చట అనుకున్నాను. ఏ మాటతో పిలిస్తేనేం, కాన్పు సవ్యంగా జరిగితే చాలదా?

ఆ ఏడు చెరకు కొట్టే రోజుల్లో, ఒక ఉదయం రోలుగుంట వైపునుంచి ఎడ్లబండి వచ్చింది. ఇంట్లోనే కాన్పయిన అమ్మాయి. బిడ్డ బాగానే ఉన్నాడు, తల్లికి రక్తం ఆగడం లేదు. సుభద్ర గారు పక్క ఊళ్ళో ఎవరినో చూడటానికి వెళ్ళారు. మా ఆయా నూకాలు దుప్పటి తొలగించి చూసి వెనక్కి తగ్గింది.

"ఈ కేసు మనకొద్దు సిస్టరమ్మా. విశాపట్నం తోలీమను."

బండిలో వెంట వచ్చిన అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "అంత దూరం మా కోడలు గుంట ఆగుతాదా తల్లీ? నువ్వే ఏటో ఒకటి సెయ్యి."

చెయ్యవలసినదంతా నేను చదువుకున్నదే. కానీ ఎర్రబడుతున్న దుప్పటి తప్ప నాకు ఇంకేమీ కనిపించడం లేదు. అప్పుడు ప్రయత్నం మీద కళ్ళెత్తి ఆ పిల్ల మొహం చూశాను. నాకంటే చిన్నది. "నీ పేరేటమ్మా?" అన్నాను.

"పైడమ్మ" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

ఆ తర్వాత నా చేతులు ఆగలేదు. డాక్టరమ్మ కోసం సైకిలు మీద మనిషిని పంపాను. సూది మందు వేసి, ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి లోపల పెట్టి గర్భసంచిని అదిమిపట్టాను. "పైడమ్మా, ఇటు సూడు. కళ్ళు మూయకు. నీ గుంటడు పాలకేడుస్తన్నాడు, ఇంటన్నావా?" అంటూ మాట్లాడిస్తూనే ఉన్నాను. చేతులు తిమ్మిరెక్కి, నావి కానట్టయిపోయాయి.

సుభద్ర గారు గుమ్మంలోంచే అడిగారు: "ఏమిటి?"

"పైడమ్మండీ. ఇంట్లో కాన్పయింది. మాయ పడింది గానీ రక్తం ఆగలేదు. ఇప్పుడిప్పుడే తగ్గుతోంది."

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి పొట్ట తడిమారు. "గట్టిపడింది. ఇంకాసేపు వదలకు" అని సెలైను ఎక్కించడం మొదలుపెట్టారు.

సాయంత్రానికి పైడమ్మ బిడ్డను అడిగింది. అత్తగారు కాళ్ళ మీద పడబోతే సుభద్ర గారు ఆపి, "నేనొచ్చేసరికే ఈ పిల్ల ఆపింది" అని నన్ను చూపించారు. ఇంటికి వెళ్తూ నా దగ్గర ఆగి, "పేరు చెప్పి మొదలుపెట్టావు. విన్నాను" అన్నారు. అంతే. ఆవిడ నోటినుంచి అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు, కోరుకోలేదు కూడా.

తర్వాత ఆవిడకు బదిలీ అయింది. నేను పైకి వచ్చి, ఎందరో నర్సు పిల్లలకు పని నేర్పాను. వాళ్ళకు లాటిన్ చెప్పేంత చదువు నాకు లేదు. వాళ్ళు "కేసు" అన్నప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసేదాన్ని. మనిషి ఎవరు? ఆమె మీద ఏం వచ్చి పడింది? మొదటిది చెప్పకుండా రెండోదానికి వెళ్ళనిచ్చేదాన్ని కాదు. విసుక్కున్న పిల్లలే తర్వాత మంచి చెయ్యి అనిపించుకున్నారు. ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయినా, ఇరుగుపొరుగున ఎవరికో బాగోలేదని తెలిస్తే నా నోట ముందు వచ్చేది జబ్బు సంగతి కాదు. "ఎవరికి?" అన్నదే.